ఫ్లాపులు మొరాయిస్తే కాక్‌పిట్‌లో చేయాల్సిన పని, శంషాబాద్ లెక్కలతో

ల్యాండింగ్‌కి వస్తున్నప్పుడు ఫ్లాప్ లీవర్ లాగితే రెక్క వెనకున్న పలకలు దిగాలి, ముందంచు మీది స్లాట్లు ముందుకు జారాలి. లీవర్ కదిలింది కానీ రెక్క కదల్లేదు. సిమ్యులేటర్ చెక్‌లలో ఇన్‌స్ట్రక్టర్లు ఇష్టంగా ఇచ్చే వైఫల్యం ఇది. ఇందులో సాహసం చేయాల్సిందేమీ ఉండదు. ఉన్నదల్లా వేగం లెక్క, ఇంధనం లెక్క, రన్‌వే లెక్క. ఈ మూడూ వరసగా వేసుకున్న పైలట్ల జంట మామూలుగానే దిగుతుంది. లీవర్‌తో కుస్తీ పడుతూ గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకు దిగే వాలు దారి) మీద అలాగే కిందికి వచ్చేసిన జంటకే కష్టం.

హైదరాబాద్‌కు రోజూ వచ్చిపోయే వాటిలో ఎక్కువగా కనిపించేవి ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 కుటుంబాలు కాబట్టి వాటినే తీసుకుందాం. అంకెలు మోడల్‌ని బట్టి కొద్దిగా మారతాయి. మీ కంపెనీ క్యూఆర్‌హెచ్‌లో (కాక్‌పిట్‌లో ఉండే అత్యవసర చెక్‌లిస్టుల పుస్తకం) ఉన్నదే చివరి మాట.

ఎందుకు ఇరుక్కుంటాయి

ఏ320లో ఒక్కో రెక్కకు 5 స్లాట్లు, 2 ఫ్లాపులు. వాటిని తిప్పే యంత్రం విమానం నడుమ ఉంటుంది. అక్కడి నుంచి పొడవాటి షాఫ్టులు రెక్క చివరిదాకా పోతాయి, దారిలో గేర్‌బాక్సులు, పలకల్ని తోసే యాక్చుయేటర్లు ఉంటాయి. విమానంలో మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లు, వాటి పేర్లు గ్రీన్, బ్లూ, ఎల్లో. స్లాట్ల యంత్రానికి రెండు హైడ్రాలిక్ మోటార్లు, ఒకటి గ్రీన్ సిస్టమ్‌ది, ఒకటి బ్లూది. ఫ్లాపుల యంత్రానికీ రెండే, గ్రీన్, ఎల్లో. పైన ఎస్‌ఎఫ్‌సీసీ అనే కంప్యూటర్లు రెండు, ఒక్కోదానిలో స్లాట్లకో చానల్, ఫ్లాపులకో చానల్.

ఈ అమరిక గుర్తుంటే సగం వైఫల్యాలు వాటంతటవే అర్థమవుతాయి. గ్రీన్, బ్లూ రెండూ పోతే స్లాట్లు పనిచేయవు, ఫ్లాపులు నెమ్మదిగా కదులుతాయి. గ్రీన్, ఎల్లో పోతే దీనికి తిరగేసి. బ్లూ, ఎల్లో పోతే గ్రీన్ ఒక్కటే రెండింటినీ సగం వేగంతో నడిపిస్తుంది. ఒక కంప్యూటర్ పోయినా అంతే, సగం వేగం. ఇక్కడే కొత్తవాళ్లు తొందరపడతారు. మామూలుగా పట్టే సమయానికి అంకె మారకపోయేసరికి ఇరుక్కుపోయిందనుకుని లీవర్‌ని వెనక్కీ ముందుకీ ఆడిస్తారు. మెల్లగా కదలడం ఇరుక్కోవడం కాదు. ముందు డిస్‌ప్లే చూడండి, కాసేపు ఆగండి.

నిజంగా ఇరుక్కున్నవి వేరే. షాఫ్ట్ జాయింట్ విరగడం, యాక్చుయేటర్ బేరింగ్ పట్టేయడం, ట్రాక్ మీది రోలర్ అరిగి వంకరపోవడం, గ్రీజులో చేరిన తేమ పై ఎత్తుల్లో గడ్డకట్టడం. కొన్నిసార్లు రెక్కకు ఏమీ కాదు, స్థానం చెప్పే సెన్సార్ తప్పు చెబుతుంది. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదు కాబట్టి అనుమానం వచ్చిన చోటే ఆపేస్తుంది.

ఆపే పని వింగ్ టిప్ బ్రేకులది. ఎడమ, కుడి స్థానాలు కలవకపోయినా, యంత్రం ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరిగినా, అడగకుండానే పలకలు కదిలినా రెక్కల చివర్లలో ఉన్న ఈ బ్రేకులు షాఫ్టును పట్టేస్తాయి. ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగి ఏటవాలుగా ఇరుక్కున్న దుకాణం షట్టర్‌ని బలంగా లాగితే ఏమవుతుందో రెక్కకు అది జరగకూడదనే ఈ ఏర్పాటు. ఒకసారి పట్టాక గాల్లో విడిపించే దారి లేదు, నేల మీద ఇంజినీర్లే విడిపించాలి. ఊరట ఒకటుంది. ఫ్లాపుల బ్రేకు పడినా స్లాట్లు పనిచేస్తాయి, స్లాట్లది పడినా ఫ్లాపులు పనిచేస్తాయి.

ఎడమ, కుడి తేడా అంటే ఇంత భయం ఎందుకో 1979 మే 25న షికాగోలో కూలిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 చూపించింది. టేకాఫ్‌లో ఎడమ ఇంజిన్ ఊడిపోతూ హైడ్రాలిక్ గొట్టాల్ని తెంపేసింది. ఆ రెక్క బయటి స్లాట్లను పట్టి ఉంచే యాంత్రిక తాళం లేకపోవడంతో గాలి ఒత్తిడికి అవి లోపలికి పోయాయి. స్లాట్లు లేని రెక్క ముందు స్టాల్ అయింది, అంటే గాల్లో నిలబెట్టే బలం పోయింది, విమానం ఒరిగి నేలకూలింది. 273 మంది చనిపోయారు. ఉన్నచోట బిగుసుకుపోయిన స్లాటు, తనంతట తాను కదిలే స్లాటుకన్నా వెయ్యి రెట్లు నయం.

మొదటి నిమిషం

ముందు విమానం నడపండి. వేగం ఇంకా తగ్గించొద్దు. రాబోయే ఫ్లాపును నమ్ముకుని థ్రస్ట్ (ఇంజిన్ శక్తి) ఐడిల్‌లో, అంటే కనిష్ఠంలో పెట్టి ఉంటారు. ఆ ఫ్లాపు రాకపోతే వేగం కరిగిపోతూనే ఉంటుంది. వేగం నాబ్ లాగి సెలెక్టెడ్ స్పీడ్‌లోకి (మీరు పెట్టిన వేగాన్నే పట్టే పద్ధతి) వెళ్లి, ఇప్పుడున్న వేగాన్నే పట్టుకోండి. అప్రోచ్‌లో ఉంటే అక్కడికి ఆపేసి మిస్డ్ అప్రోచ్ (దిగకుండా తిరిగి పైకి వెళ్లడం) ఎత్తుకో, ఏటీసీ (విమానాల రాకపోకల్ని నడిపే కంట్రోలర్లు) ఇచ్చిన ఎత్తుకో వెళ్లిపోండి. 2000 అడుగుల్లో పుస్తకం తెరిచి లెక్కలు వేయడం కుదిరే పని కాదు.

తర్వాత ఒకరు నడపాలి, ఒకరు చదవాలి. నడిపేవారే రేడియో కూడా తీసుకుంటే ఎదుటివారికి పుస్తకం మీద పూర్తి ధ్యాస ఉంటుంది.

ఏ320లో వింగ్ టిప్ బ్రేకు పడకపోతే లీవర్‌ని ఒకసారి వెనక్కి పెట్టి మళ్లీ వేయమని ఈక్యామ్ (లోపాల్ని, చేయాల్సిన పనిని చూపే తెర) చెబుతుంది. ఒక్కసారే, అదీ ఈక్యామ్ అడిగితేనే. 737లో చూడాల్సింది ఫ్లాప్ సూచికలోని రెండు ముళ్లు. అవి విడిపోతే అసిమెట్రీ, అంటే ఎడమ, కుడి ఫ్లాపుల తేడా. అప్పుడు ఆల్టర్నేట్ ఫ్లాప్ స్విచ్ జోలికి పోవద్దు, ఆ ఎలక్ట్రిక్ మోటార్ దారిలో అసిమెట్రీ రక్షణ లేదు. ముళ్లు కలిసే ఉండి, లీవర్ చెప్పిన చోటికి మాత్రం రాకపోతే ఆ దారి వాడొచ్చు. 230 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లలో వేగం) దాటకుండా మాస్టర్ స్విచ్ ఆర్మ్ చేసి, పొజిషన్ స్విచ్‌ని డౌన్ వైపు పట్టుకోవాలి. ఫ్లాపులు 15 స్థానం దాకా రావడానికి రెండు నిమిషాలదాకా పడుతుంది, అంతసేపూ కళ్లు ముళ్ల మీదే ఉండాలి. స్విచ్ వదిలాక మళ్లీ తాకేముందు 15 సెకన్లు ఆగాలి, లేకపోతే మోటార్ క్లచ్ పాడవుతుంది. ఇంకో మెలిక: ఈ దారిలో ముందంచు పరికరాలు స్టాండ్‌బై హైడ్రాలిక్‌తో పూర్తిగా బయటికి వస్తాయి, దాంతోనే మళ్లీ లోపలికి పోవు. కాబట్టి వేరే ఊరికి మళ్లాలా వద్దా అన్నది ఈ స్విచ్ తాకకముందే తేల్చుకోండి.

పగలైతే రెక్క మీది వరసల్లోంచి ఫ్లాపులు కనిపిస్తాయి. క్యాబిన్ సిబ్బందిని చూడమని అడగడంలో తప్పులేదు, కానీ అది సూచికకు తోడు మాత్రమే. కోణాన్ని కంటితో కొలవలేం.

ఇంధనం ముందు, రన్‌వే తర్వాత

చెక్‌లిస్ట్ చదవకముందే అడగాల్సిన ప్రశ్న: ఎంతసేపు గాల్లో ఉండగలం? ఫ్లాపులు బయట ఇరుక్కుని ఉంటే డ్రాగ్ (గాలి నిరోధం) పెరుగుతుంది, వేగం వీఎఫ్‌ఈ (ఆ ఫ్లాపు స్థానానికి గరిష్ఠ వేగం) కింద కట్టేసి ఉంటుంది, ఏ320లో 20,000 అడుగుల పైకి పోకూడదు. కంప్యూటర్ చూపించే ఆల్టర్నేట్ (దిగలేకపోతే మళ్లే వేరే విమానాశ్రయం) ఇంధనం అంకె రెక్క శుభ్రంగా, అంటే ఫ్లాపులు లోపల ఉన్నాయన్న లెక్కతో వేసింది, దాన్ని నమ్మొద్దు. క్యూఆర్‌హెచ్‌లో ఇంధన పెనాల్టీ పట్టిక ఉంది. దాంతో గుణిస్తే బెంగళూరు ఆల్టర్నేట్‌గా పెట్టుకున్న ప్లాన్ చాలాసార్లు అక్కడే చెరిగిపోతుంది.

అందుకే హోల్డ్‌లో (ఒకేచోట చక్కర్లు కొడుతూ) తిరుగుతున్నప్పుడు ఒక గడియారం పెట్టుకోండి. ఇంత ఇంధనం మిగిలేసరికి, పని అయినా కాకపోయినా, అప్రోచ్ మొదలుపెడతాం అని ఇద్దరూ ముందే ఒక అంకె అనుకోవాలి.

ఇక రన్‌వే. శంషాబాద్ ఈ వైఫల్యానికి దేశంలోనే మంచి చోట్లలో ఒకటి. ప్రధాన రన్‌వే 09 కుడి–27 ఎడమ పొడవు 4260 మీటర్లు. రెండోది 3707 మీటర్లు. మామూలు 140 నాట్లకు బదులు 180తో తాకితే, శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, బ్రేకులు మింగాల్సింది సుమారు 1.65 రెట్లు. మామూలుగా 1500 మీటర్లలో ఆగే విమానానికి ఇప్పుడు 2475 మీటర్లు కావాలి. దాని మీద 15 శాతం భద్రత కలిపితే 2850 దగ్గర తేలుతుంది. ఇది నోటిలెక్క, అంతే. పట్టిక తెరిచి తడి రన్‌వేకు, రివర్స్ (ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించి ఆపడం) లేకపోతే, గాలి ఎటు ఉంటే ఎంతో వేరువేరుగా చూడాలి. కానీ నోటిలెక్క, పట్టిక మధ్య పెద్ద తేడా వస్తే ఎక్కడో తప్పు వరస చదివారని తెలిసిపోతుంది.

పొడవు చాలిందని ఊపిరి పీల్చుకోవద్దు. శంషాబాద్‌లో అసలు చిక్కు టైర్ల దగ్గర ఉంది. రన్‌వే సముద్రమట్టానికి 2000 అడుగుల పైన ఉంది. మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో గాలి సాంద్రత ప్రామాణిక సముద్రమట్టపు విలువలో 85 శాతమే. అప్పుడు వేగం మీటర్ 180 నాట్లు చూపిస్తే విమానం అసలు వేగం 195 దగ్గర. ఈ రెండు రకాల విమానాల టైర్ల పరిమితి 195 నాట్లు, అదీ నేల మీది వేగం. అదే 180, చెన్నైలో 35 డిగ్రీల రోజున 186 మాత్రమే.

ఉదాహరణకు 60 టన్నుల 737-800 వీరెఫ్ 40ని (ఫ్లాపులు 40లో ఉన్నప్పటి ల్యాండింగ్ వేగం) 138 అనుకుందాం. వెనక ఫ్లాపులు అసలు దిగకపోతే 40 కలిపి 178. గాలి లేని మే మధ్యాహ్నం అది నేల మీద 193. అంచుకు రెండు నాట్ల దూరం. అదే బరువున్న ఏ320కి వీరెఫ్ 130 దగ్గర. స్లాట్లు, ఫ్లాపులు రెండూ లేకపోతే సుమారు 50 నుంచి 60 కలపాలి కాబట్టి ఇంకా పైకి పోతుంది. మామూలు రోజున 5 నాట్ల వెనకగాలిని ఎవరూ లెక్కచేయరు, ఈ రోజు ఒప్పుకోవద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి బలంగా ఉంటుంది, పడమటికి దిగే 27 అడగండి. చలికాలంలో తూర్పు గాలికి 09. టవర్ వాడుతున్న రన్‌వే మీకు నచ్చకపోతే ఎదురుగాలి ఉన్నదే ఇమ్మని అడిగే హక్కు మీకుంది. బరువు తగ్గించుకోవడానికి ఇంకాస్త తిరగడం మంచిదే, గడియారం ఒప్పుకుంటే.

బేగంపేటను మర్చిపోండి. రన్‌వే మూడు కిలోమీటర్లు దాటినా ఊరి నడిమధ్యలో ఉంది. శంషాబాద్ తెరిచి ఉన్నంత కాలం దాని ప్రస్తావనే అక్కర్లేదు.

ఏటీసీతో, క్యాబిన్‌తో

చాలా సందర్భాల్లో పాన్ పాన్ (సాయం కావాలనే రేడియో పిలుపు) సరిపోతుంది. ఇంధనం తక్కువైనా, విమానం ఒకవైపు ఒరుగుతున్నా మేడే (ప్రాణాపాయపు పిలుపు). ఏటీసీకి ఏం పాడైందో వివరించడంకన్నా మీకేం కావాలో చెప్పడం ముఖ్యం: హోల్డ్ చేయడానికి చోటు, పొడవైన రన్‌వే, కనీసం 15 మైళ్ల ఫైనల్, మామూలుకన్నా 40 నాట్లు ఎక్కువ వేగం, దిగాక రన్‌వే మీద ఆగే అవకాశం, అగ్నిమాపక బళ్లు. వేగం సంగతి ముందే చెప్పకపోతే మీ ముందు నెమ్మదిగా వెళ్లే చిన్న ఏటీఆర్ విమానాన్ని పెట్టి, దగ్గరపడుతున్నారు, తగ్గించండి అంటారు. తగ్గించలేరు.

క్యాబిన్ ఇన్‌చార్జికి సమస్య, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం, ప్రత్యేకంగా ఏం కావాలి, ఈ నాలుగే చెప్పి తిరిగి చెప్పించుకోండి. ప్రయాణికులకు ఇంగ్లిష్, హిందీతో సరిపెట్టకుండా తెలుగులోనూ ఒక మాట చెబితే విమానం చల్లబడుతుంది. ఇలా: "రెక్కల వెనక ఉండే పలకలు పూర్తిగా దిగలేదు. అందుకని మామూలుకన్నా కొంచెం వేగంగా దిగుతాం. బ్రేకులు గట్టిగా పడతాయి. పక్కన ఫైరింజన్లు కనిపిస్తే కంగారుపడొద్దు, ముందు జాగ్రత్తకు మేమే పిలిచాం." ఫ్లాప్ అసిమెట్రీ అన్న మాట మైకులో వినిపించాల్సిన పని లేదు.

ఉన్నవాటిని దించే వరస

ఏ320 ఫ్లాప్ లీవర్ ఒక్కో స్థానానికి గరిష్ఠ వేగాలు, నాట్లలో: 1కి 230, 1+ఎఫ్‌కి 215, 2కి 200, 3కి 185, ఫుల్‌కి 177. ఇరుక్కున్నప్పుడు పద్ధతి ఇది. తర్వాతి స్థానపు వీఎఫ్‌ఈకన్నా 5 నాట్లు తక్కువ వేగం పెట్టండి. తగ్గుతూ ఆ వీఎఫ్‌ఈ దాటగానే లీవర్ ఒక మెట్టు వేయండి. కదిలిందా చూడండి. మళ్లీ అదే. ల్యాండింగ్ స్థానానికి వచ్చాకే లెక్క వేసిన అప్రోచ్ వేగానికి దిగండి.

ఇక్కడ పీఎఫ్‌డీ (వేగం, ఎత్తు చూపే ప్రధాన తెర) మిమ్మల్ని కొంచెం తికమక పెడుతుంది. వీఎల్‌ఎస్ (తగ్గకూడని కనిష్ఠ వేగం), ఓవర్‌స్పీడ్ హెచ్చరిక రెక్క నిజంగా ఎక్కడుందో చూసి లెక్కవేస్తాయి. వీఎఫ్‌ఈ, వీఎఫ్‌ఈ నెక్స్ట్ (తర్వాతి స్థానపు వీఎఫ్‌ఈ) మాత్రం లీవర్ ఎక్కడుందో చూసి వస్తాయి. రెండూ ఒకే టేపు మీద కనిపిస్తాయి, రెండూ ఒకే మాట చెప్పవు. బరువు ఎక్కువైతే వీఎల్‌ఎస్ వచ్చి తర్వాతి వీఎఫ్‌ఈ మీద కూర్చుంటుంది. అప్పుడు వీఎల్‌ఎస్ కిందికి పోకుండా దానితోపాటే వేగం తగ్గిస్తూ పోవాలి. స్లాట్లు కదిలేకొద్దీ వీఎల్‌ఎస్ తనే దిగుతుంది. ఆ కాసేపు ఆటోథ్రస్ట్ (ఇంజిన్ శక్తిని తనే సర్దే వ్యవస్థ) వేగం పెంచేస్తుంటే తీసేయవచ్చు.

జీపీడబ్ల్యూఎస్ (నేల దగ్గరపడితే హెచ్చరించే వ్యవస్థ) ఫ్లాప్ మోడ్ ఆఫ్ చేయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. మర్చిపోతే నేల దగ్గరపడ్డాక హెచ్చరికగా అరుస్తుంది. అప్పటిదాకా బాగా నడిపిన పైలట్ ఆ అరుపుకి గో అరౌండ్ కొడతాడు, అంటే దిగకుండా పైకి లేపేస్తాడు. 737లోనూ అదే పనికి ఫ్లాప్ ఇన్హిబిట్ స్విచ్ ఉంది.

గో అరౌండ్ గురించి ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాలి. బ్రేకు పడిన పలకలు లీవర్ వెనక్కి లాగినా రావు కాబట్టి, పైకి వెళ్లేటప్పుడు మీ గరిష్ఠ వేగం అవి ఇరుక్కున్న స్థానానిదే.

ఫైనల్

ముక్కు ఎక్కడుంటుందో ముందే ఊహించుకోండి. స్లాట్లు వచ్చి ఫ్లాపులు రాకపోతే ముక్కు బాగా పైకి ఉంటుంది, రన్‌వే సగం కనిపించదు. ఫ్లాపులు వచ్చి స్లాట్లు రాకపోతే ముక్కు కిందికి ఉంటుంది, కానీ స్టాల్ మామూలుకన్నా తక్కువ కోణంలోనే వస్తుంది. మొదటిదానిలో భయం తోక తగలడం, రెండోదానిలో వేగం తగ్గడం.

మూడు డిగ్రీల దారిలో దిగే వేగాన్ని నేల వేగాన్ని 5తో గుణించి అంచనా వేసుకుంటాం. 190 నాట్లకు నిమిషానికి 950 నుంచి 1000 అడుగులు. ఆ అంకె చూసి అదిరి ముక్కెత్తొద్దు, దారి సరిగానే ఉంది. 1000 అడుగులకల్లా అన్నీ కుదురుకోవాలి. ఏ320లో ఆటోపైలట్‌ని 500 అడుగుల్లోపు వాడకూడదు. చేతికి అలవాటుపడాలంటే ఇంకాస్త ముందే తీసేయడం మేలు.

ఫ్లేర్ (తాకేముందు ముక్కు కాస్త ఎత్తడం) చిన్నదిగా చేయండి. డ్రాగ్ తక్కువ కాబట్టి విమానం నేలకు దగ్గరగా తేలుతూ పోతుంది, తేలిన ప్రతి సెకనుకూ దాదాపు 100 మీటర్ల రన్‌వే పోతుంది. మెత్తగా దించుదామన్న కోరికను ఈ రోజుకు పక్కన పెట్టండి. టచ్‌డౌన్ జోన్‌లో గట్టిగా తాకించి, ముక్కు దించి, పూర్తి రివర్స్ వేయండి.

టేకాఫ్ తర్వాత ఫ్లాపులు లోపలికి పోమని ఇరుక్కున్న కేసు దీనికి కవల. తేడా బరువులో ఉంది. ఏ320 గరిష్ఠ ల్యాండింగ్ బరువు 66 టన్నుల దగ్గర, గాల్లో ఇంధనం పారబోసే సదుపాయం లేదు. ఢిల్లీకో, దుబాయ్‌కో నింపుకుని బయల్దేరినవాళ్లు గంటల తరబడి కరిగించాలా, బరువుతోనే దిగాలా? 4260 మీటర్లు, ఎదురుగాలి ఉండి, విమానానికి ఇంకే సమస్యా లేకపోతే బరువుతో దిగడంలో తప్పులేదు. తాకేటప్పుడు కిందికి దిగే వేగం నిమిషానికి 360 అడుగులు దాటకుండా చూసుకోండి, దిగాక తనిఖీ రాయించండి. ఫ్లాపులు వేయడమే మర్చిపోయి టేకాఫ్‌కి వెళ్లడం వేరే జబ్బు. 1987లో డెట్రాయిట్, 2008లో మాడ్రిడ్ ప్రమాదాలు అలా జరిగినవే. దానికి మందు చెక్‌లిస్ట్ పూర్తిగా చదవడం, హెచ్చరిక వ్యవస్థను నమ్ముకుని కూర్చోకపోవడం.

ఆగాక

రన్‌వే మీదే ఆగి బ్రేకుల ఉష్ణోగ్రత చూడండి. 500 డిగ్రీలు దాటితే తప్పనిసరైతే తప్ప పార్కింగ్ బ్రేకు వేయొద్దు, చక్రాలకు చాక్స్ (దొర్లకుండా ఆపే దిమ్మెలు) పెట్టించండి. వేడి ఎక్కువైతే చక్రంలోని ఫ్యూజ్ ప్లగ్గులు కరిగి టైరు నెమ్మదిగా గాలి వదిలేస్తుంది. అది పగలకుండా కాపాడే ఏర్పాటే. అగ్నిమాపక సిబ్బంది చక్రాలకు ముందు నుంచో వెనక నుంచో రావాలి, పక్క నుంచి కాదు. వాళ్లు సరే అనేదాకా ప్రయాణికుల్ని ఆ వైపు దించొద్దు.

ఫ్లాప్ లీవర్‌ని అలవాటుగా జీరోలో పెట్టేయకండి. పలకలు ఎక్కడ ఆగాయో ఇంజినీర్ తన కళ్లతో చూడాలి. టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకం) "ఫ్లాప్స్ ఇరుక్కున్నాయి" అని ఒక్క ముక్క రాస్తే ఆయనకు ఏమీ తెలియదు. లీవర్ ఏ స్థానం నుంచి ఏ స్థానానికి వేశారు, సూచిక ఎక్కడ ఆగింది, ఈక్యామ్ సందేశం అక్షరం పొల్లుపోకుండా, అప్పటి వేగం, ఎత్తు, బయటి ఉష్ణోగ్రత, లీవర్ మళ్లీ వేసి చూశారా, వీఎఫ్‌ఈ ఎప్పుడైనా దాటిందా, ఎంత దాటింది, తాకినప్పటి బరువు, నేల వేగం. వీఎఫ్‌ఈ దాటితే ఫ్లాప్ ట్రాకుల తనిఖీ వేరు, టైర్ల పరిమితి దాటితే టైర్ల మార్పిడి వేరు. ఈ రెండూ మీరు రాస్తేనే జరుగుతాయి.